కింది నుంచి కోసిన వార్త

అతన్ని జీపులో ఎక్కించినప్పుడు నేను తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్ మెట్ల మీద ఉన్నాను. ఉదయం పది దాటి ఉంటుంది. సికింద్రాబాదు బస్సు విద్యార్థులను దింపి వెళ్ళింది. అతను రోడ్డు మధ్యలో చేతులు అడ్డంగా చాచి, దిగినవాళ్ళను హాస్టళ్ళ వైపు పోకుండా ఆపుతున్నాడు.

"తినకుండ్రి. ఇయ్యాల మెస్సుల బువ్వ తినకుండ్రి. జర చెప్తే ఇనుండ్రి."

కొందరు పక్కకు తప్పుకున్నారు. ఒకడు ఆగి, "అన్నా, మరి టిఫినన్న తినొచ్చునా?" అని అడిగాడు. పక్కవాళ్ళు నవ్వారు.

"టిఫిను సంగతి నాకు తెల్వది. బువ్వ సంగతే చెప్తున్న," అన్నాడతను. తెలియని విషయం మీద మాట తూలడం ఇష్టంలేని మనిషిలా చెప్పాడు.

జీపు అతని వెనక వచ్చి ఆగింది. హెడ్డు కానిస్టేబులు దిగి, హోటల్ గల్లా మీద కూర్చున్నాయన్ని "గీయననేనా?" అని అడిగాడు. గల్లాలో ఆయన తలాడించాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. వాళ్ళకూ అదే చెప్పాడు. "మీరు గూడ తినకుండ్రి సారు."

"మేం ఇంట్ల తినే వచ్చినం తియ్. చల్, ఎక్కు."

అప్పుడే అతని అక్క కాంపస్ వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. బియ్యం చెరుగుతున్న చాట ఇంకా చేతిలోనే ఉంది. జీపు వెనక రేకు పట్టుకుని, "ఏడికి తీస్కపోతుండ్రు సారు? మావోడు ఎవల జోలికి పోడు," అంది. ఒక కానిస్టేబులు ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాడు. మొరటుగా ఏమీ చేయలేదు. చిన్నపిల్ల చేతిలోంచి ఏదో తీసుకున్నట్టు తీశాడు. "స్టేషనుకు రా, మాట్లాడుదాం," అన్నాడు. జీపు కదిలింది.

హెడ్డు కానిస్టేబులు చొక్కా జేబులో ఒక దినపత్రిక మడిచి ఉంది. పైకి కనబడుతున్నది మూడో పేజీ అడుగు భాగం. అందులో ఏముందో చదవనక్కర లేకుండానే నాకు తెలుసు. రాసింది నేనే.

అరవై ఎనిమిది చలికాలం అది. నేను ఎం.ఏ. చదువుతున్నాను. తార్నాకలో ఒక రైల్వే ఉద్యోగి ఇంటి మిద్దె మీద గది, హాస్టల్ మెస్సులో భోజనం. ఒక దినపత్రికకు యూనివర్సిటీ, మల్కాజ్‌గిరి, వారాసిగూడ వైపు చిన్న వార్తలు రాసిచ్చేవాణ్ణి. నల్లా రాలేదని, దీపం వెలగలేదని, ఫలానా హాల్లో ఫలానావారు ప్రసంగించారని. జీవితమంతా ఈ పనిలోనే గడుపుతానని అప్పటికి తెలియదు.

ఆ అక్కాతమ్ముళ్ళు మా మెస్సులో పనిచేసేవారు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చారు. వ్యవసాయం చేసుకునే కుటుంబమే, రెండేళ్ళు వరసగా వానలు లేక పట్నం చేరారు. ఆమెకు ముప్పై అయిదు ఉంటాయి, భర్త లేడు. పొద్దుటి నుంచీ వంటింటి వెనక కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. తమ్ముడు గంజి వార్చేవాడు. రెండు వందల మందికి వండే గుండిగలు అవి. ఆవిరి తగిలి మోచేతుల దాకా చర్మం రంగు మారిపోయింది. తక్కువ మాట్లాడేవాడు. కూర బాగుందంటే సిగ్గుపడి లోపలికి పోయేవాడు.

మా మెస్సులో ఒక పద్ధతి ఉండేది. విద్యార్థుల్లోంచి ఎన్నికైన మెస్సు సెక్రటరీ ముందుగా ఒక పళ్ళెం రుచి చూసి సరే అన్నాకే వడ్డన మొదలయ్యేది. దసరా సెలవుల తర్వాత ఒకరోజు సెక్రటరీ కంటే ముందు ఇతనే ముద్ద నోట్లో పెట్టుకుని, గోడకానుకుని నిలబడ్డాడు. ఏమిటని అడిగితే, "జర ఆగుండ్రి. నాకేం గాకుంటె మీరు తినుండ్రి," అన్నాడు. మేం నవ్వాం. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి గుండిగ గుండిగకూ ఒక ముద్ద తిని, పావుగంట ఎవరినీ ముట్టనివ్వలేదు. బియ్యంలో ఎవరో ఏదో కలుపుతున్నారని, రాత్రి గోడ వెనక వాళ్ళ మాటలు వినబడుతున్నాయని చెప్పాడు.

"ఏం అన్నా, ఇయ్యాల ఏం కలిపిండ్రు? ఎండ్రినా, పొటాషా?" అని విషాల పేర్లు చెప్పి ఆటపట్టించేవారు. కాని నవ్వు మెల్లగా తగ్గింది. ఒక మధ్యాహ్నం ముగ్గురు విద్యార్థులకు వాంతులయ్యాయి. జ్వరాల రోజులవి, ఎవరికైనా అవుతాయి. అయినా ఆ సాయంత్రం సగం బల్లలు ఖాళీ. పళ్ళెం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోటి దగ్గరికి తెచ్చి నేను కూడా ఆగాను. అతని మాట అబద్ధమని తెలుసు. ముద్ద మాత్రం నోట్లోకి పోలేదు. భయం ఒకరి నుంచి ఒకరికి పాకడం నేను మొదటిసారి చూసింది ఆ మెస్సులోనే.

మర్నాడు కాంట్రాక్టరు అతన్ని పనిలోంచి తీసేశాడు. అక్కను ఉంచాడు. ఆమె రోజూ పొద్దున వారాసిగూడ గదిలో తమ్ముణ్ణి ఉంచి, పక్కన నీళ్ళ కుండ, రొట్టె పెట్టి, బయట తాళం వేసుకుని పనికి వచ్చేది. ఎవరు వంటింటి వైపు వచ్చినా ఉలిక్కిపడి చూసేది.

"ఇంట్ల ఏమన్న చేస్కుంటడేమోనని ఒక భయం తమ్మీ. బైటికస్తె ఎవలన్న కొడ్తరేమోనని ఇంకో భయం. తాళం ఏస్తె ఒకటి, తీస్తె ఒకటి," అంది నాతో. నన్ను తమ్మి అనేది.

ఆమెను, అతన్ని తీసుకుని నేను కాంపస్ డిస్పెన్సరీకి వెళ్ళాను. కాంపౌండరు రిజిస్టరు తెరిచి అడిగాడు. "స్టూడెంటా? స్టాఫా?"

"మెస్సుల పనిచేస్తడు," అంది అక్క.

"మెస్సోళ్ళు కాంట్రాక్టరు మనుషులు. గీడ రాయనీకి కాలం లేదు." కాలం అంటే రిజిస్టరులో గడి. నిజంగానే రెండే గడులున్నాయి. డాక్టరుగారు తలుపు సందులోంచి ఒకసారి చూసి, "ఇటువంటివి ఇక్కడ కాదు. పిచ్చాసుపత్రికి తీసుకుపోవాలి," అన్నారు. చిరాకుగా చెప్పలేదు. తన చేతిలో లేని పని అన్నట్టు చెప్పారు.

ఆ మాట విన్న క్షణంలో ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఊరికి ఆ చివర, ఎత్తు గోడల వెనక ఉన్న ఆ ఆసుపత్రి పేరు ఆ రోజుల్లో తిట్టు. బౌద్ధనగర్ గల్లీలో ఒకామెను అక్కడికి తీసుకుపోయారని, మళ్ళీ రాలేదని అందరూ చెప్పుకునేవారు.

"గాడికి పోయినోడు పిచ్చి లేకున్నా పిచ్చోడైతడు. నేను సచ్చేదాక తాళం ఏస్కుంట గని, గాడికి పంప," అంది.

ఒకరోజు అతను గది కప్పు పెంకులు తొలగించుకుని బయటపడ్డాడు. ఆ తర్వాత రోజూ చౌరస్తాలోనే. రాళ్ళు విసిరేవాళ్ళు తయారయ్యారు. ఎవరైనా పట్టించుకుంటారేమోనన్న ఆశతో నేను వార్త రాశాను.

ఎనిమిది వాక్యాలు రాశాను. మొదటి నాలుగింటిలో, మతిస్థిమితం లేని ఒక వ్యక్తి తార్నాకలో దారినపోయేవారిని ఆపుతున్నాడని, విద్యార్థులు ఇబ్బంది పడుతున్నారని. మిగతా నాలుగింటిలో, అతను ఎవరికీ హాని చేయలేదని, మెస్సులో పనిచేసినవాడని, చూసుకునే అక్క ఉందని, కాంపస్ డిస్పెన్సరీలో పనివాళ్ళకు కూడా వైద్యం అందించాలని. అసలు చెప్పదలచింది చివర పెట్టాను. అలా ముగిస్తే బాగుంటుందనుకున్నాను.

మర్నాడు పేపరులో మొదటి నాలుగే ఉన్నాయి. పైన "తార్నాకలో పిచ్చివాని బెడద" అని శీర్షిక. అది చూసి నేను ఇరానీ హోటల్‌కు వచ్చి కూర్చున్నాను. అరగంటకు జీపు వచ్చింది.

సాయంత్రం ఆఫీసులో సబ్ ఎడిటర్‌ను అడిగాను. ఆయన కళ్ళజోడు తీయకుండానే, "సబ్బు ప్రకటన వచ్చింది, నీ నాలుగు లైన్లు తినేసింది. వార్త కింది నుంచే కోస్తారు తమ్ముడూ. మొదటిరోజు చెప్పిన పాఠం అది. ముఖ్యమైంది కింద పెట్టిందెవరు?" అన్నారు.

అంతకు ముందే, మధ్యాహ్నం, స్టేషనుకు వెళ్ళాను. ఆమె గోడ పక్కన కింద కూర్చుని ఉంది. తమ్ముణ్ణి అప్పటికే మేజిస్ట్రేటు ముందు పెట్టి పంపేశారు. దిక్కు లేకుండా రోడ్ల మీద తిరిగే పిచ్చివాణ్ణి పోలీసులు అలా తీసుకుపోవచ్చునని చట్టం. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి పరిశీలించమని ఉత్తర్వు.

"దిక్కు లేకుండా ఎందుకు? అక్క ఉన్నది గదా," అన్నాను.

"పేపర్ల అక్క ఉన్నదని లేదు గదా," అన్నాడు హెడ్డు కానిస్టేబులు. వెటకారం కాదు. పేపరులో ఉన్నదే చెప్పాడు. "పది రోజులు చూస్తరు. మంచిగుంటె పంపిస్తరు."

"మంచిగ లేకుంటె?" అని ఆమె కింద నుంచే అడిగింది. ఆయన రిజిస్టరు అటువైపు జరుపుకున్నాడు.

బయటికి వచ్చాక ఆమెకు చెప్పాను, వార్త రాసింది నేనేనని. చెప్పకపోతే ఎవరో ఒకరు చెబుతారు.

"నువ్వు రాసినవా తమ్మీ?"

"మంచికే రాసిన అక్కా. నీ గురించి గూడ రాసిన. కింద కోసేసిండ్రు."

"కోసిందెవలో నాకు తెల్వది. పోలీసాయన సదివింది నువ్వు రాసిందే గద, సారు," అంది. ఆ తర్వాత మళ్ళీ నన్ను తమ్మి అని పిలవలేదు.

రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. ఆమెకు ఒంటరిగా వెళ్ళాలంటే భయం. లోపలికి పంపి తననూ ఉంచేసుకుంటారేమోనని. నేను వెంట వెళ్ళాను. మొదటిసారి చూపించలేదు. రెండోసారి కటకటాల అవతల నిలబెట్టారు. తల గొరిగించారు. అతను మమ్మల్ని గుర్తుపట్టాడు. "అక్కా, తిన్నవా?" అని అడిగాడు.

"తిన్న. నువ్వు?"

"తిన్న. పెట్టిందంత తిన్న."

తిరుగు బస్సులో ఆమె కిటికీ ఊచ వదలలేదు. "వాడు తినద్దనలే, చూసినవా సారూ? ఏది పెడితె అది తింటున్నడు. గట్ల ఎన్నడు లేడు," అంది. నేను మందు పనిచేస్తోందేమో అన్నాను. "ఏమో. భయం పోయిందో, మనిషే పోయిండో ఎట్ల తెలుస్తది?"

పది రోజులు ఇరవై అయ్యాయి. నెల దాకా ఇలా పొడిగించవచ్చని, ఆ తర్వాత పూర్తిస్థాయి ఉత్తర్వు వస్తే ఇక ఎన్నాళ్ళో చెప్పలేమని ఆసుపత్రి గుమాస్తా చెప్పాడు. అంటే ఇంకా పది రోజులే గడువు.

అప్పుడు మాకు పాఠాలు చెప్పే రీడర్‌గారి ఇల్లు గుర్తొచ్చింది. కాంపస్ క్వార్టర్సులో ఉండేవారు, గుంటూరు వైపువారు. వాళ్ళ చిన్నమ్మాయికి నేను వారంలో మూడు రోజులు తెలుగు చెప్పేవాణ్ణి. పెద్దబ్బాయి ఇంజనీరింగు మధ్యలో మానేసి వచ్చాడు. వరండాలో ఒకే పుస్తకం, ఒకే పుట తెరుచుకుని కూర్చునేవాడు. ఫ్యానులోంచి ఎవరో మాట్లాడుతున్నారని చెల్లెలితో చెప్పేవాడట. వారానికి రెండు సాయంత్రాలు ఒక డాక్టరు కారులో వచ్చి వెళ్ళేవాడు. అదే కారు నేను ఆసుపత్రి ఆవరణలో చూశాను. ఆ ఇంట్లో దానికి నరాల బలహీనత అని పేరు.

రీడర్‌గారి దగ్గర ఆ డాక్టరు విషయం ఎత్తగానే లేచి తలుపు మూశారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. కారు చూశాను."

"మావాడికి చదువు ఎక్కువై నరాలు అలిసిపోయాయి, అంతే. తెలిసిందా? నువ్వు పేపరువాడివి. ఇదెక్కడైనా..." ఆయన మాట పూర్తి కాలేదు. తరగతిలో ఆయనంటే మాకందరికీ హడలు. ఆయన నన్ను చూసి భయపడటం చూడలేక తల దించుకున్నాను.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చున్నారు. గుమ్మం లోపల నిలబడ్డ ఆయన భార్య అన్నారు. "ఒక చీటీ రాసివ్వండి. పొద్దునపూట ఆయన ఉండేది అక్కడేగా. మనవాడికి ఇచ్చే మందే వాళ్ళకీ ఇస్తాడు. తోడబుట్టినవాడండీ పాపం."

"నా పేరుతోనా?"

"మనింట్లో ఎవరి గురించీ రాయనక్కర్లేదు. తెలిసినవాళ్ళని రాయండి."

ఆయన రాశారు. కవరు నాకిస్తూ, ఈ ఇంటి సంగతి ఎక్కడా చెప్పనని మాట తీసుకున్నారు. వాళ్ళెవరో తెలిసే వీలు లేకుండా ఇప్పుడు చెబుతున్నాను. ఆ మాట నిలబెట్టుకున్నట్టో తప్పినట్టో తేల్చుకోలేదు.

డాక్టరు చీటీ చదివి, అప్పుడే అతని కాగితాలు తెప్పించారు. ఇరవై మూడు రోజులుగా అతను ఆయన చూసే వార్డులోనే ఉన్నాడు. "అడిగేవాళ్ళున్న ఫైలే పైకొస్తుంది, ఏం చేయమంటారు? ఒక్కో డాక్టరుకి ఎంతమందో మీరే చూడండి," అన్నారు. వరండాలో వరసగా కూర్చున్న మనుషులను చూశాను. కవరు తేగలిగినవాళ్ళు వాళ్ళలో ఎవరూ కనబడలేదు.

నాలుగు రోజుల్లో అతన్ని పంపారు. అక్క వేలిముద్ర వేసింది. పూటకో మాత్ర, మానకూడదు, మానితే మళ్ళీ మొదటికొస్తుంది అని డాక్టరు చెప్పారు. నెలకోసారి వచ్చి తీసుకోవాలి.

"ఎన్ని నెలలు సారు?" అని ఆమె అడిగింది.

"నెలలు కాదమ్మా," అన్నారాయన.

అతను నెమ్మదిగా తేరుకున్నాడు. నిద్రపోయేవాడు, చేతులు కొంచెం వణికేవి, గోడ వెనక మాటలు వినబడటం తగ్గిందని చెప్పాడు. కాంట్రాక్టరు వంటింట్లోకి రానివ్వలేదు గాని, కట్టెలు కొట్టే పని ఇచ్చాడు. నేను రిజిస్ట్రారుకు ఒక అర్జీ రాశాను. మెస్సు పనివాళ్ళ పేర్లు డిస్పెన్సరీ రిజిస్టరులో చేర్చాలని, ఆ మాత్రలు అక్కడే ఇప్పించాలని. ఈసారి అసలు సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను. ఇన్‌వర్డు సెక్షన్‌లో ముద్ర వేసి తీసుకున్నారు.

కొత్త సంవత్సరం వచ్చిన కొద్దిరోజులకే తెలంగాణ ఉద్యమం కాంపస్‌ను కమ్మేసింది. సమ్మెలు, ఊరేగింపులు, లాఠీలు. తార్నాక చౌరస్తాలో పోలీసు జీపులు రోజంతా నిలబడేవి. ఏ క్షణాన ఎవరిని పట్టుకుపోతారోనని విద్యార్థులు గదులు మారుతున్నారు. నేనూ జేబులో నోటుబుక్కు పెట్టుకోవడానికి జంకేవాణ్ణి. ఆమెకు మాత్రం ప్రతి జీపూ ఒకే మనిషి కోసం వచ్చినట్టు ఉండేది. తమ్ముణ్ణి మళ్ళీ గదిలో పెట్టి తాళం వేసింది.

"అవి స్టూడెంట్ల కోసం వచ్చినయి అక్కా. మీవోని కోసం కాదు," అన్నాను.

"ఎవల కోసం వచ్చినమని జీపు మీద రాస్కుంటరా సారు? అప్పుడు గూడ ఎవలకు తెల్వకనే వచ్చె."

యూనివర్సిటీతో పాటు మెస్సూ మూసేశారు. వాళ్ళు ఊరికి పోతామన్నారు. బందుల మధ్య బస్సులు నడిచిన ఒకరోజు చూసి నేను ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరును బతిమాలి, ఆరు వారాలకు సరిపడా మాత్రలు తెచ్చాను. అంతకుమించి ఇవ్వడం కుదరదన్నారు. మెదక్ వైపు ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగితే, జ్వరానికీ దెబ్బలకూ అయితే మందు దొరుకుతుంది, దీనికి ఇక్కడికే రావాలి అన్నారు.

మల్కాజ్‌గిరి స్టేషనులో వాళ్ళను బండి ఎక్కించాను. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు పోలీసులు తిరుగుతున్నారు. బండి వచ్చేదాకా ఆమె తమ్ముణ్ణి గోడ వైపు తిప్పి నిలబెట్టి, తన కొంగు అతని తల మీద కప్పి ఉంచింది. మాత్రల పొట్లం రవికలో దాచుకుంది. ఊరి పేరు చెప్పింది గాని, అదే పేరుతో ఆ వైపు మూడు ఊళ్ళున్నాయని నాకు తర్వాత తెలిసింది. మూడింటికీ ఉత్తరాలు రాశాను.

యూనివర్సిటీ తెరిచేనాటికి మెస్సుకు కొత్త కాంట్రాక్టరు వచ్చాడు, కొత్త మనుషులను తెచ్చుకున్నాడు. డిస్పెన్సరీ రిజిస్టరులో ఇంకా రెండే గడులున్నాయి. నా అర్జీ వచ్చినట్టు ఇన్‌వర్డు పుస్తకంలో నమోదైంది, ఎవరి బల్ల మీదికి వెళ్ళిందో నమోదు కాలేదు. ఉత్తరాల్లో రెండు తిరిగొచ్చాయి. మూడోది రాలేదు, దానికి జవాబూ రాలేదు. ఏడో వారం అతనికి మాత్రలు దొరికాయో లేదో నాకు తెలియదు.